పాత వీడియో టేపులు – పెద్దల కంఠములు

గృహమున బంగార మెక్కడ దాచబడియున్నదో ప్రతి యిల్లాలికిని దెలియును. పెండ్లినాటి వీడియో టేపెక్కడ నున్నదని యడిగినచో మాత్రము మనలో ననేకులు క్షణకాల మాలోచింపక తప్పదు. అటుకమీద ఆవకాయ జాడీల వెనుకనో, ఇనుప బీరువా అడుగున పాత పట్టుచీరల క్రిందనో అది పడియుండును. బంగారము పోయినచో మరల గడింపవచ్చును. ఆ నల్లని పెట్టెలోని తాతగారి నడక, అమ్మమ్మగారి నవ్వు ఒకసారి చెరిగిపోయినచో ఎంత ధనము వెచ్చించినను తిరిగి రావు. అందుచేత ఆ టేపులను కంప్యూటరులోనికి మార్చి భద్రపరచు విధమును గూర్చి సోదరీమణులకు కొంత విన్నవింపదలచితిమి. ఇది పురుషులకే తెలిసిన విద్య యని యెవ్వరును వెనుదీయవలదు. పప్పు పొయ్యిమీద నుంచి ప్రక్కపని చూచుకొనగల నేర్పుగల ప్రతి గృహిణియు దీనిని చేయగలదు.

వి.హెచ్.ఎస్. అను ఈ టేపును 1976లో జపాను దేశమున జె.వి.సి. యను సంస్థ వెలువరించెను. 1982లో ఢిల్లీ నగరమున ఆసియా క్రీడలు జరిగిన యేడు మన దేశమున రంగుల టెలివిజను మొదలయ్యెను. పిదప శ్రీకాకుళము, విజయనగరము, బొబ్బిలి, పలాస వంటి మన పట్టణములందును వీడియో కెమెరాను భుజముపై నిడుకొని పెండ్లిపందిళ్ళకు వచ్చువారు బయలుదేరిరి. కన్నులు మిరుమిట్లు గొలుపు దీపము నొక కుర్రవాడు పట్టుకొని వెంట నడచుచుండ, తలంబ్రాలు, బంతులాట, అప్పగింతలు అన్నియు నా టేపుల కెక్కినవి. పైడితల్లి అమ్మవారి సిరిమానును చూడబోయిన కుటుంబములును, ఊరి జాతరలో తప్పెటగుళ్ళ నాడించిన పెద్దలును వానిలో గలరు.

టేపు లున్నవి, వానిని చూపు యంత్రములు మాత్రము కనుమరుగగుచున్నవి. కట్టకడపటివరకు వానిని తయారుచేసిన జపానులోని ఫునాయ్ సంస్థ 2016 జూలైలో ఆ పనిని మానుకొనెను. 2019లో యునెస్కో వారును, ధ్వని దృశ్య భాండాగారముల అంతర్జాతీయ సంఘమువారును గలసి లోకమునకంతకు ఒక హెచ్చరిక చేసిరి. 2025 ప్రాంతమునకు ఈ యంత్రములు దొరకుటయు, వానిని బాగుచేయువారు దొరకుటయు మిక్కిలి దుర్లభమగునని దాని సారాంశము. ఆ గడువు వచ్చియే యున్నది.

ఇక టేపు చెడు విధము. అది యొక పలుచని ప్లాస్టికు పట్టీ, వెడల్పు అరయంగుళము. మూడు గంటల టేపును విప్పి పరచినచో సుమారు 250 మీటర్ల పొడవుండును. దానిపై అయస్కాంతగుణముగల మెత్తని పొడి జిగురుతో పూయబడి యుండును. బొమ్మయు, మాటయు ఆ పొడిలోనే యున్నవి. జిగురు గాలిలోని తేమను పీల్చి కాలక్రమమున మెత్తబడును, పొడి రాలును. మనది సముద్రతీరము. వర్షాకాలమున అప్పడములు మెత్తబడు చోట టేపులు క్షేమముగ నుండునా? వానికి తెల్లని బూజు పట్టును. దీనికి తోడు గాలివానలు. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దాపున తీరము దాటిన తిత్లీ – ఈ రెండును ఎన్ని యిండ్ల కప్పు లెగురగొట్టినవో మన ప్రాంతమువారికి చెప్పనక్కరలేదు. కప్పు పోయిన యింట మొదట తడియునది అటుకయే గదా.

టేపునుండి మరియొక టేపునకు ఎత్తి వ్రాసికొన్నచో చాలదా యని కొంద రడుగవచ్చును. చాలదు. ఒకరు వేసిన ముగ్గును చూచి మరియొకరు, వారిదానిని చూచి ఇంకొకరు వేసినచో గీత కొంత కొంత వంకర పోవుచుండును. టేపునుండి టేపునకు ఎత్తుట యట్టిది. ‘పదునైదు చుక్కలు, ఎనిమిది వరకు, సందు చుక్క’ అని లెక్క చెప్పినచో, కాశీలో నున్న ఆడపడుచైనను అదే ముగ్గును వేయగలదు. కంప్యూటరు చేయునది ఇదియే. బొమ్మను లెక్కగా మార్చి దాచుకొనును. ఆ లెక్కను తప్పు లేకుండ ఎన్నిమారు లెత్తి వ్రాసినను బొమ్మ చెదరదు. డిజిటలు అను మాటకు తాత్పర్య మింతియే.

ఇంత శ్రమ యేల యనువారికి మా యింటి సంగతి యొకటి చెప్పెదము. మేము కోడలిగా ఆ గృహమున నడుగుపెట్టునాటికే మా అత్తగారు స్వర్గస్థులైరి. వారి ఛాయాచిత్రమునకు పూలమాల వేయుటయే గాని వారి మాట యెట్లుండునో మే మెరుగము. మా పెద్దాడబిడ్డగారి పెండ్లి 1994లో జరిగెను. ఆ టేపును కంప్యూటరునకు మార్చుచుండగా అప్పగింతల ఘట్టమున మా అత్తగారు పాట నెత్తుకొనిరి. రెండు చరణములు పాడి, కంఠము పూడుకొనిపోగా, కొంగు నోట నదుముకొని ఆగిపోయిరి. మిగిలిన చరణములను ప్రక్కనున్న ముత్తైదువలు పూర్తిచేసిరి. మా వారు ఆ గదిలోనుండి మారు పలుకక లేచి వెలుపలికి పోయిరి. మా చిన్నది మాత్రము ‘నాన్నమ్మ నాలాగే మాట్లాడుచున్నదే’ యని యాశ్చర్యపడెను. ఆ పాట ఏ పుస్తకమునను మాకు కనబడలేదు.

పాట యొక్కటియే కాదు, పలుకుబడియు నట్లే. శ్రీకాకుళము సీమలోని పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల నోటినుండి వారి భాషను విని, నేర్చి, వ్యాకరణమును నిఘంటువును కూర్చిరి. నోటనున్న భాషకే ప్రాణమున్నదని వాదించి 1940లో కీర్తిశేషులైరి. గ్రాంథికమున వ్రాయు మేమును ఈ విషయమున వారికి తల వంచవలసినదే. మన ముసలమ్మల యాస, వారి సామెతలు, వియ్యపురాలిని దెప్పిపొడుచు చమత్కారము – ఇవి కాగితమున కెక్కలేదు, టేపున కెక్కినవి.

పోతన భాగవతము కొంత శిథిలము కాగా గంగన, సింగన, నారయలు ఆ భాగములను పూరించిరని పెద్దలు చెప్పుదురు. కావ్యమును మరియొక కవి పూరింపగలడు. తల్లి గొంతును పూరింపగల కవి యెవ్వడు?

ఇక పని కుపక్రమింతము. మొదట ఇంటనున్న టేపులన్నిటిని ఒకచోట చేర్చి పట్టిక వ్రాసికొనవలెను. ప్రతి టేపు వీపున ఒక చిన్న ప్లాస్టికు రేకు ఉండును. దానిని విరిచివేసినచో పొరపాటున నెవ్వరును దానిపై మరల రికార్డు చేయలేరు. పిమ్మట గాజుకిటికీవంటి భాగమునుండి చుట్టను పరీక్షింపవలెను. తెల్లని పొడికాని, దారములవంటి బూజుకాని కనబడినచో ఆ టేపును యంత్రమున పెట్టనేకూడదు. బూజు యంత్రమునకంటి, దానినుండి మంచి టేపులకు ప్రాకును. అట్టివానిని వేరుగ సంచిలో కట్టి, తెలిసిన పనివానికి అప్పగింపవలెను. ఎండబెట్టుట, కడుగుట వంటి గృహచికిత్సలు పనికిరావు.

మంచి టేపును మొదట చివరివరకు ముందునకు త్రిప్పి, మరల వెనుకకు చుట్టవలెను. ఏండ్ల తరబడి అంటుకొనియున్న చుట్టలు సడలును. వి.సి.ఆర్. యంత్రము పనిచేయునది సంపాదించుటయే ఇందులో కష్టమైన భాగము. బంధువుల యిండ్లలో విచారించినచో ఒకటి దొరకవచ్చును. పాత టెలివిజనులు బాగుచేయు మెకానిక్కుచేత లోపలి రబ్బరు పట్టీలను, హెడ్డును శుభ్రము చేయించి, మొదట విలువలేని సినిమా టేపు నొకదానిని ఆడించి చూడవలెను. యంత్రము టేపును నమలు స్వభావము గలదైనచో సినిమాతోనే పోవును.

యంత్రమునకు వెనుక మూడు రంధ్రము లుండును. పసుపుపచ్చనిది బొమ్మకు, తెలుపు ఎరుపు ధ్వనికి. వానినుండి తీగలను వీడియో క్యాప్చరు అను చిన్న పరికరమునకు కలిపి, దానిని కంప్యూటరు యు.ఎస్.బి. రంధ్రమున గ్రుచ్చవలెను. ఓ.బి.ఎస్. స్టూడియో అను ఉచితమైన సాఫ్టువేరు ఆ బొమ్మను ఫైలుగా వ్రాయును. మన దేశపు టేపులు పాల్ పద్ధతివి; సెకనునకు 25 బొమ్మలు; పరిమాణము 720, 576. అమెరికానుండి బంధువులు పంపిన టేపులు ఎన్.టి.ఎస్.సి. అను వేరు పద్ధతివి. వానిని ఆ పద్ధతి తెలిసిన యంత్రముననే ఆడింపవలెను. బొమ్మ వెడల్పు ఎత్తులను నాలుగు, మూడు పాళ్ళలోనే యుంచవలెను. నేటి టెలివిజను తెర నిండవలెనని సాగదీసినచో సన్నని పెండ్లికూతురు కూడ స్థూలకాయురాలివలె కనబడును.

పాత బొమ్మలో గీతలు జడపాయలవలె ఒకటి విడిచి యొకటిగా రెండు విడతల కూర్పబడును. కంప్యూటరు రెండు విడతలను ఒక్కసారి చూపుటచే, కదలునపుడు అంచులు దువ్వెన పండ్లవలె చీలి కనబడును. ఇది టేపు దోషము కాదు. డీ-ఇంటర్‌లేసు అను సవరణచే అది పోవును.

ఇందు తొందరకు తావు లేదు. మూడు గంటల టేపునకు మూడు గంటలు పట్టవలసినదే. మధ్య మధ్య వచ్చి బొమ్మ వణకుచున్నదా, ధ్వని వినబడుచున్నదా యని చూచుచుండవలెను. మన యూళ్ళలో కరెంటు పోవుట వింత కాదు గనుక యంత్రమును ఇన్వర్టరునకు కలుపుట మేలు. సామాన్యముగ ఒక గంట దృశ్యమునకు రెండు జి.బి. చోటు చాలును, ఏ మాత్రము నలుగకుండ దాచదలచినచో దాదాపు ముప్పది జి.బి. వరకు కావలసియుండును.

ఫైలు తయారగుటతో పని ముగియలేదు. మా బంధువులలో నొకరు చాల యేండ్ల క్రిందట ఒక స్టూడియోలో తమ టేపును డి.వి.డి.గా మార్పించి, టేపును పారవేసిరి. ఇప్పుడా డి.వి.డి. ఏ యంత్రమునను ఆడుటలేదు. కావున మూడు ప్రతులు చేయవలెను: కంప్యూటరున నొకటి, వేరు హార్డు డిస్కున నొకటి, మూడవది మరియొక యూరిలోని ఆడపడుచు ఇంటనో అన్నగారి యింటనో. గాలివాన రెండూళ్ళను ఒక్కసారి ముంచుట అరుదు. ఏటేట ఒకసారి తెరచి చూడవలెను. వాట్సాపులో పంపినది ప్రతి కాదు. అది బొమ్మను నలిపి చిన్నది చేయును. అసలు టేపును పారవేయక, నిలువుగ, పొడిచోట నుంచవలెను.

ప్రతి ఫైలునకు సంవత్సరము, సందర్భము, ఊరు కలిపి పేరిడవలెను. తెరమీద నున్నవా రెవరో చెప్పగల పెద్దలు బ్రతికియుండగనే వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొని, పేర్లు, వరుసలు వ్రాసికొనవలెను. పేరు తెలియని ముఖము, ఎంత స్ఫుటముగ నున్నను, మన మనుమలకు పరాయిదే.

ఒక మర్యాదను మరువరాదు. ఆ టేపులో విడిపోయిన దంపతుల పెండ్లి యుండవచ్చును. భర్తను గోల్పోయిన సోదరి పసుపుకుంకుమలతో నవ్వుచు కనబడవచ్చును. అట్టిదానిని పదిమంది చూచు చోట పెట్టుటకు ముందు ఆమె నడుగుడు. చూచుటయో, మానుటయో ఆమె యిష్టము. భద్రపరచుట మన ధర్మము. ప్రదర్శించుట ఆమె యధికారము.

సంక్రాంతికి పిల్లలు హైదరాబాదు, బెంగుళూరులనుండి తమ కంప్యూటరులతో ఇండ్లకు వత్తురు. పండుగ నాలుగు దినములలో దినమునకొక టేపు చొప్పున మార్చినను నాలుగు టేపులు భద్రమగును. భోగినాడు పాత సామానును మంటలో వేయు ముందు మాత్రము అటుకమీది నల్లని పెట్టెలను ప్రక్కకు తీసి యుంచుడు.