49 ఏళ్లకి ఉద్యోగం వదిలేసిన బ్యాంకర్: ఫాల్గుణి నాయర్ కథలో మనకి పనికొచ్చే లెక్క

బీటెక్ అయ్యి ఐదారేళ్లు అయిందో లేదో, "ఇంకేం చేస్తాంలే, లేట్ అయిపోయింది" అనుకునే బ్యాచ్ మనది. ఈ రోజు మాట్లాడుకునే ఆవిడ 49 ఏళ్లకి పెద్ద ఉద్యోగం వదిలేసి కంపెనీ పెట్టారు. ఆవిడ ఫాల్గుణి నాయర్, కంపెనీ నైకా.

ముంబైలో గుజరాతీ కుటుంబం. 1985లో ఐఐఎం అహ్మదాబాద్ నుంచి బయటికొచ్చారు. కొన్నేళ్లు కన్సల్టింగ్, తర్వాత కోటక్ మహీంద్రాలో దాదాపు 19 ఏళ్లు. చివరికి ఆ గ్రూప్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్‌కి మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు.

ఇక్కడో డౌట్ క్లియర్ చేద్దాం. ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంక్ అంటే మనం డబ్బు దాచుకునే బ్యాంక్ కాదు. ఒక కంపెనీ ఐపీఓకి వెళ్లాలంటే షేర్ రేటు ఎంత పెట్టాలో తేల్చడం, కొనేవాళ్లని తీసుకురావడం వీళ్ల పని. ఒక రకంగా పెళ్లిళ్ల పేరయ్యలు. అన్నేళ్లు ఊరందరికీ సంబంధాలు కుదిర్చిన ఆవిడ, 2012లో తన ఇంట్లోనే పెళ్లి పెట్టుకున్నారన్నమాట.

ఆన్‌లైన్‌లో మేకప్ సామాన్లంటే నకిలీవేమో అని భయం. అందుకే నైకా సరుకు తనే కొని, తన గోడౌన్లలో పెట్టి అమ్మింది. ఖర్చు ఎక్కువే, కానీ నమ్మకం వచ్చింది. చాలా స్టార్టప్‌లు నష్టాలతో ఐపీఓకి వస్తున్న టైంలో, నైకా 2020-21లో దాదాపు 62 కోట్ల లాభం చూపించి వచ్చింది. 2021 నవంబర్ 10న లిస్టింగ్. 1,125 రూపాయల షేర్ మొదటి రోజే దాదాపు రెట్టింపు.

ఇప్పుడు అసలు లెక్క. మొత్తం ఇష్యూ సుమారు 5,352 కోట్లు. అందులో కంపెనీ కోసం తెచ్చింది 630 కోట్లే. మిగతాది పాత వాటాదారులు తమ షేర్లు అమ్ముకున్న డబ్బు. ఇందులో తప్పేం లేదు, ప్రాస్పెక్టస్‌లో రాసే ఉంటుంది. మనమే చదవం.

ఏడాది తర్వాత ఒక్కో షేర్‌కి ఐదు బోనస్ షేర్లు ఇచ్చారు. ఆ లెక్కన 1,125 కాస్తా 187.50కి సమానం. 2023 మొదట్లో షేర్ అంతకంటే కిందే ట్రేడ్ అయింది. ఇక లిస్టింగ్ రోజు ఎగబడి కొన్నవాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. కంపెనీ మూతపడలేదు, అమ్మకాలు ఆగలేదు. మనం పెట్టిన రేటే ఎక్కువ.

మంచి కంపెనీ వేరు, మంచి రేటు వేరు. ఈ తేడా తెలిసినవాళ్లు బల్లకి అవతలి వైపు కూర్చుంటారు. మనం ఇవతల కూర్చుని యాప్‌లో ఐదు నిమిషాల్లో అప్లై చేసేస్తాం. ఈసారి ఐపీఓ వస్తే ఒక్కటి చూడండి: మన డబ్బు కంపెనీకి వెళ్తోందా, అమ్ముకునేవాళ్లకి వెళ్తోందా?

ఇది కొనమనో అమ్మమనో సలహా కాదండీ. ఉంటాను మరి, మళ్లీ కలుద్దాం.