గేరు మారితే తీరే మారుతుంది

విశాఖపట్నం రైలు మార్గాల్లో తిరిగే కరెంటు ఇంజన్లలో రెంటిని పక్కపక్కన పెట్టి చూడాలి. డబ్ల్యూఏజీ-9 గూడ్స్ లాగుతుంది, డబ్ల్యూఏపీ-7 ప్రయాణికుల రైళ్లను లాగుతుంది. రెండూ 123 టన్నులే. రెండింట్లోనూ ఆరేసి మోటార్లు, అవీ ఒకే రకానివి. అసలు తేడా గేర్లలో ఉంది. గూడ్స్ ఇంజన్‌లో పళ్ల నిష్పత్తి 77:15. అంటే చక్రం ఒక చుట్టు తిరిగేసరికి మోటారు అయిదు చుట్లు దాటుతుంది. ప్రయాణికుల ఇంజన్‌లో 72:20, అక్కడ సుమారు మూడున్నర చుట్లు చాలు. ఈ ఒక్క మార్పుతో బయలుదేరేటప్పుడు లాగే బలం దాదాపు 460 కిలోన్యూటన్ల నుంచి 323కి పడిపోతుంది, గరిష్ఠ వేగం గంటకు 100 కిలోమీటర్ల నుంచి 140కి పెరుగుతుంది.

పోటీ రోబో తయారుచేసే విద్యార్థి ముందు నిలిచే ప్రశ్న కూడా ఇదే: బలమా, వేగమా?

2002లో టోక్యోలో మొదలైన విద్యార్థుల రోబో పోటీ ఏబీయూ రోబోకాన్‌లో అంశం ఏటా మారుతుంది. పోయినేడు గెలిచిన చక్రాల అమరిక ఈ ఏడు పనికిరాకపోవచ్చు. అందుకే ఎంపిక లెక్కతో మొదలవ్వాలి.

20 కిలోల రోబోను తీసుకుందాం. రబ్బరు చక్రానికీ నేలకూ మధ్య ఘర్షణ గుణకం 0.8 అనుకుంటే, అది తోయగల బలం 157 న్యూటన్లు దాటదు. మోటారు ఎంత పెద్దదైనా ఆపైన చక్రం జారుతుందే తప్ప తోపు పెరగదు. చక్రం వ్యాసార్థం 5 సెంటీమీటర్లయితే, నాలుగింటిలో ఒక్కోదానికి సుమారు 2 న్యూటన్ మీటర్ల టార్క్ సరిపోతుంది. 0.4 ఇచ్చే మోటారుకు 5:1 గేరు పెడితే లెక్క కుదురుతుంది. రైల్వేకూ ఈ హద్దు తప్పలేదు. ఇనుప ఖనిజం మోసే కొత్తవలస–కిరండూల్ మార్గం శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు ఎక్కుతుంది. అలాంటి ఎత్తు దారుల్లో చక్రాలు జారకుండా పట్టు పెంచడానికే ఆ గూడ్స్ ఇంజన్‌లో మరో రకమైన డబ్ల్యూఏజీ-9హెచ్ బరువును 132 టన్నులకు పెంచారు.

ఇక చక్రాల సంగతి. 1970లలో స్వీడన్ ఇంజనీరు బెంగ్ట్ ఇలాన్ రూపొందించిన మెకానమ్ చక్రం అంచున 45 డిగ్రీల వాలుతో చిన్న రోలర్లుంటాయి. దాంతో రోబో ముందుకే కాదు, పక్కకూ జరుగుతుంది. చూడ్డానికి అద్భుతమే. కానీ నాలుగు చక్రాలూ నేలను సమానంగా తాకాలి, ఒకటి లేచినా దారి తప్పుతుంది. పైగా తోపులాటలో మామూలు రబ్బరు చక్రాలంత పట్టు ఉండదు. స్వెర్వ్ అమరికలో ప్రతి చక్రమూ దానంతటదే తిరుగుతూ మలుపు కూడా తీసుకుంటుంది. పట్టూ పోదు, కదలికా తగ్గదు. కాకపోతే నాలుగు చక్రాలకు ఎనిమిది మోటార్లు, అదనపు బరువు, కష్టమైన ప్రోగ్రామింగ్ తప్పవు.

మొదటిసారి బరిలోకి దిగే జట్టుకు ఆరు మామూలు రబ్బరు చక్రాలే మేలు. మధ్య జతను రెండు మూడు మిల్లీమీటర్లు కిందికి దింపితే మలుపుల్లో చక్రాల ఈడ్పు తగ్గుతుంది. ఖరీదైన అమరిక మానడంతో మిగిలిన డబ్బుతో అదనంగా మరో గేరు జత కొనుక్కొని, రెండింటినీ పోటీ నేల మీదే నడిపి చూసి ఎంచుకోండి.