బాక్టీరియాకీ కోరం కావాలి

సంఘం మీటింగ్ మొదలుపెట్టే ముందు "కోరం ఉందా?" అని చూసుకోవడం మనకి అలవాటే. బాక్టీరియా కూడా ఆ పనే చేస్తాయంటే నేను మొదట నమ్మలేదు. ఎంపీసీ బాపతు కాబట్టి నా బయాలజీ పదో తరగతితోనే ఆగిపోయింది లెండి!

హవాయి తీరంలో బొటనవేలంత స్క్విడ్ ఒకటుంది. దాని ఒంట్లో విబ్రియో ఫిషెరి అనే బాక్టీరియా కాపురముండి రాత్రిపూట వెలుగునిస్తాయి. అవే సముద్రంలో విడివిడిగా తిరిగేటప్పుడు వెలగవు. ఒక్కటే వెలిగితే ఎవరికి కనబడుతుంది? శక్తి దండగ. మరి గుంపు చేరిందని వాటికెలా తెలుస్తుంది? లక్స్-ఐ అనే జీన్ ఒక ఎంజైమునిస్తుంది, ఆ ఎంజైము ఏహెచ్ఎల్ అనే చిన్న రసాయనాన్ని తయారుచేస్తుంది. అది కణాల్లోంచి బయటికీ లోపలికీ పోతూ వస్తూ ఉంటుంది. జనం పెరిగేకొద్దీ దాని మోతాదూ పెరుగుతుంది. ఒక హద్దు దాటగానే లక్స్-ఆర్ అనే ప్రోటీనుకి అతుక్కుని వెలుగు జీన్లని ఆన్ చేస్తుంది. లక్స్-ఐ కూడా ఆ జీన్ల వరసలోనే ఉంది కాబట్టి సంకేతం ఇంకా జోరందుకుంటుంది. నీల్సన్, ప్లాట్, హేస్టింగ్స్ ఈ సంగతి 1970లోనే గమనించారు. "కోరం సెన్సింగ్" అన్న పేరు మాత్రం 1994లో వచ్చింది.

మన భాషలో చెప్పాలంటే పంపడానికో ఫంక్షను, వినడానికో ఫంక్షను. విన్నాక ఏం చెయ్యాలన్నది మనిష్టం. 2004లో లింగ్‌చాంగ్ యూ, ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, రాన్ వైస్ తదితరులు ఈ జీన్లని ఈ. కోలైలో పెట్టి, వెలుగు జీన్ స్థానంలో కణాన్ని చంపే జీన్ తగిలించారు. జనాభా పెరిగితే చావులు పెరుగుతాయి, తగ్గితే తగ్గుతాయి. అలా జనాభా ఒక మట్టంలో నిలబడింది, అచ్చం మన ఇళ్ళలో థర్మోస్టాట్ లాగా. ద్రవంలో ఆమ్లగుణం మార్చి ఆ మట్టాన్ని జరపగలిగారు కూడా.

దీనివల్ల ఒరిగేదేమిటంటారా? 2016లో శాన్ డియాగోలోని జెఫ్ హేస్టీ బృందం, ఎమ్ఐటీ వాళ్ళు కలిసి సాల్మొనెల్లాకి ఇలాంటి సర్క్యూటే పెట్టారు. కోరం నిండగానే కణాలన్నీ ఒక్కసారిగా పగిలి, లోపలి మందుని కణితిలోకి వదులుతాయి. మిగిలిన కొన్ని మళ్ళీ పెరుగుతాయి. కాలేయంలో కణితులున్న ఎలుకలకి దీన్ని కీమోతో కలిపి ఇస్తే, ఏదో ఒక్కటే ఇచ్చినవాటికన్నా ఎక్కువ కాలం బతికాయి.

నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఇందులోని చిక్కు. డిస్కులో పెట్టిన కోడ్ తనంతట తాను మారి మనమీద గెలవాలని చూడదు. ఇక్కడ చంపే జీన్ చెడిపోయిన బాక్టీరియమే బతికి బట్టకడుతుంది. దాని సంతానమే ఊరంతా నిండిపోతుంది, సర్క్యూటు గల్లంతు! అంటే బగ్గుకే ప్రమోషన్ అన్నమాట. 2019లో హేస్టీ బృందమే దీనికో ఉపాయం చూపింది. మూడు రకాల ఈ. కోలై, ఒక్కొక్కటీ తన ముందుదాన్ని చంపగలదు. మొదటిదాంట్లో చెడ్డవి తలెత్తేలోపు రెండోదాన్ని వదులుతారు, తర్వాత మూడోది, ఆపైన మళ్ళీ మొదటిది.