రైతుబిడ్డలకు ముఖాముఖి పరీక్ష

గుడివాడ, బందరు, దివిసీమ ప్రాంతముల రైతుబిడ్డలు కొందఱు సివిల్ సర్వీసు పరీక్షకు చదువుచున్నారు. వ్రాతపరీక్షలో నెగ్గినవారిని కొత్తఢిల్లీలోని ధోల్‌పూర్ హౌసునకు పిలిచి పెద్దలు ముఖాముఖి ప్రశ్నింతురు. మొత్తము 2025 మార్కులలో దీనికి 275 కలవు. అప్పుచేసియైనను పట్నములో శిక్షణ యిప్పింపవలెనని కొందఱు తండ్రులు తలచుచున్నారు. తొందర వలదు. అభ్యర్థి దరఖాస్తులో వ్రాసిన ఊరు, చదువు, తండ్రి వృత్తి, వీనినుండియే పెక్కు ప్రశ్నలు పుట్టును.

మొన్న దివిసీమ కుఱ్ఱవాడొకడు తన్ను ప్రశ్నింపుమని నన్ను కోరెను. ప్రకాశం బ్యారేజి యెప్పటిదంటిని. 1957 అని తడుముకొనక చెప్పెను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెననుగూర్చియు బాగుగనే చెప్పెను. కాలువ చివరనున్న మీ పొలమునకు నీరేల ఆలస్యముగా వచ్చుచున్నదని అడుగగా మాటలేదు. అరుగుమీది తండ్రి అందుకొని, పైవారి వాడకము, కాలువలో పూడిక, గుఱ్ఱపుడెక్క, వేసవిలో మురుగుకాలువలోనికి ఎగదన్ను పోటునీరు, అన్నియు వరుసగా వివరించెను. కుఱ్ఱవాని ముఖము చిన్నబోయినది. ‘తెలియదండి’ అనియైన అనవలసినది. పెద్దలయెదుట అది తప్పుగాదు.

ఇంగ్లీషు రాదను దిగులును అక్కఱలేదు. ప్రధానపరీక్షను తెలుగులో వ్రాసినవారు తెలుగుననే మాటలాడవచ్చును. 2016 నాటి పరీక్షలో దేశమున మూడవస్థానము పొందిన శ్రీకాకుళం జిల్లా రైతుబిడ్డ రోణంకి గోపాలకృష్ణ అట్లే చేసెను.

మన కుఱ్ఱవాడిప్పుడు తండ్రివెంట గట్లపై తిరుగుచున్నాడు. ఆదివారము మరల రమ్మనినాడు. ఈసారి ప్రశ్నలు తండ్రిచేతనే అడిగింతును.