ట్రాక్టరుకు సీటు ఒక్కటే

నల్లగొండ: మిరప ఏరడానికి, పత్తి తీయడానికి, నాట్లు వేయడానికి కూలీలను ఎక్కించుకుని తెల్లవారకముందే బయలుదేరే ట్రాక్టర్లు జిల్లాలో కొత్త కాదు. ఆ ప్రయాణం ఎంత ప్రమాదకరమో 2018లో రెండుసార్లు రుజువైంది. ఏప్రిల్ 6న పెద్దఅడిశర్లపల్లి మండలం వద్దిపట్ల వద్ద ట్రాక్టరు కాల్వలో పడి 9 మంది మహిళా కూలీలు మరణించారు. జూన్ 24న ఉమ్మడి జిల్లాలోని వలిగొండ మండలంలో మరో ట్రాక్టరు మూసీ కాల్వలో బోల్తాపడి 15 మంది ప్రాణాలు కోల్పోయారు.

ట్రాక్టరు దుక్కికి, ట్రాలీ సరుకుకు తయారైనవి. డ్రైవరుకు తప్ప మరొకరికి అందులో చోటు లేదు. మడ్‌గార్డు మీద కూర్చున్న పిల్లవాడు గుంతలో కుదుపుకు జారితే పడేది పెద్ద చక్రం కిందనే.

రెండు బ్రేకులు

ట్రాక్టరుకు కుడి చక్రానికొకటి, ఎడమ చక్రానికొకటి రెండు బ్రేకు పెడళ్లు ఉంటాయి. చాలు చివర బండిని చటుక్కున తిప్పడానికి ఈ ఏర్పాటు. రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లను కలిపే లాకు తప్పక వేయాలి. లాకు వేయకుండా వేగంలో ఒక్క పెడల్ తొక్కితే ఒక చక్రమే ఆగి, బండి పక్కకు తిరిగి బోల్తాపడుతుంది. చాలా ట్రాలీలకు సొంత బ్రేకు ఉండదు. కాల్వ కట్ట దిగేటప్పుడు వెనుక బరువు ట్రాక్టరును ముందుకు నెడుతుంది. డీజిలు ఆదా అని న్యూట్రల్‌లో వదిలితే బండి అదుపు తప్పినట్టే. చిన్న గేరులోనే దిగాలి.

ముక్కు లేస్తే

చక్రాలు బురదలో కూరుకుపోతే వాటి ముందు దుంగ పెట్టి ముందుకు పోనివ్వడం కొందరికి అలవాటు. చక్రం తిరగలేనప్పుడు బండే ఇరుసు మీద వెనక్కి తిరుగుతుంది. ముక్కు లేచి డ్రైవరు మీద పడుతుంది. దూకేందుకు వ్యవధి ఉండదు. నెమ్మదిగా వెనక్కి తీయాలి. లేదా మరో ట్రాక్టరుతో లాగించాలి. లాగే గొలుసును ఎప్పుడూ కింది డ్రాబారుకే తగిలించాలి.

యజమాని బాధ్యత

18 ఏళ్లు నిండి, లైసెన్సు ఉన్నవారికే స్టీరింగు అప్పగించాలి. 2019 చట్ట సవరణ ప్రకారం మైనరు బండి నడిపి నేరం జరిగితే యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చు. ట్రాలీలో మనుషులను ఎక్కిస్తే బీమా పరిహారానికీ చిక్కులు తప్పవు.

మారుమూల చేలకు వేకువన బస్సు ఉండదు, ఆటోకు ఖర్చెక్కువ. అందుకే కూలీలు ట్రాలీ ఎక్కుతున్నారు. కనుక తప్పంతా ఎక్కినవారిదే అనడం న్యాయం కాదు. కూలి రేటు మాట్లాడే రోజునే రాకపోకల సంగతి కూడా రైతు, మేస్త్రీ, కూలీలు కలిసి తేల్చుకోవాలి. ఆటో కిరాయి తలా కొంత పంచుకుంటే భారం తగ్గుతుంది. పొద్దున చేనుకు వెళ్లిన తల్లి సాయంత్రం ఇంటికి చేరడం కంటే ఏ పంటా ఎక్కువ కాదు.