వార్తల్లో పదం: కెర్నెల్ కాన్ఫిగ్

లినక్స్ కెర్నెల్‌ను సొంతంగా కంపైల్ చేసుకునేవారు ముందుగా ఏ భాగాలు కావాలో, ఏవి అక్కర్లేదో తేల్చుకోవాలి. ఆ ఎంపికల చిట్టాయే కెర్నెల్ కాన్ఫిగ్. లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన ఈ కెర్నెల్‌లో ఇప్పుడు వేల ఆప్షన్లున్నాయి.

చాలావాటికి జవాబులు మూడే. ‘వై’ అంటే ఆ భాగం కెర్నెల్‌లోనే కలిసిపోతుంది. ‘ఎం’ అంటే అవసరమైనప్పుడు లోడయ్యే మాడ్యూల్ అవుతుంది. ‘ఎన్’ అంటే అసలుండదు.

ఎక్కువమంది బోల్తాపడేది ‘ఎం’ దగ్గరే. రూట్ డిస్క్ వాడే ఈఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్‌ను మాడ్యూల్‌గా పెట్టి, బూట్ సమయంలో మాడ్యూళ్లను అందించే ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ను తయారుచేయలేదనుకోండి. డిస్క్ తెరవాలంటే మాడ్యూల్ కావాలి. మాడ్యూలేమో ఆ డిస్క్‌లోనే ఉంది. తాళంచెవిని పెట్టెలో ఉంచి తాళం వేసినట్టే. కంపైల్ సాఫీగా పూర్తవుతుంది, బూట్ మాత్రం ‘కెర్నెల్ ప్యానిక్’తో ఆగిపోతుంది.

కాన్ఫిగ్‌ను కుదించే ‘లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ కమాండ్‌తో మరో చిక్కు. అది ఆ క్షణాన లోడై ఉన్న మాడ్యూళ్లనే ఉంచుతుంది. అప్పుడు తగిలించని యూఎస్‌బీ పరికరం డ్రైవర్ ఎగిరిపోవచ్చు.

ఉబుంటు కాన్ఫిగ్‌ను కాపీ చేసుకుంటే, ‘సిస్టమ్ ట్రస్టెడ్ కీస్’ ఆప్షన్ మన సోర్స్‌లో లేని సర్టిఫికెట్ ఫైలును అడిగి బిల్డ్‌ను ఆపేస్తుంది. ఆ విలువను ఖాళీ చేయాలి. ‘డీబగ్ ఇన్ఫో బీటీఎఫ్’ ఆన్‌లో ఉంటే ‘పాహోల్’ అనే టూల్ తప్పనిసరి.

ఏం మార్చినా, పాత కెర్నెల్‌ను బూట్ మెనూలో ఉంచుకోవడం క్షేమం.