స్ప్లెండర్‌కి 30 వేలు పెడితే ఏమొస్తుంది?

రీల్‌లో అయితే అర నిమిషం పనే. నాన్న నడిపి పక్కన పెట్టేసిన పాత స్ప్లెండర్ దుమ్ము కొట్టుకుపోయి గోడకి ఆని ఉంటుంది. మ్యూజిక్ మారగానే అదే బండి మాట్ బ్లాక్ రంగు, గుండ్రటి ఎల్‌ఈడీ హెడ్‌లైటు, గోధుమరంగు సీటు, వెనక లావుపాటి టైరుతో దర్జాగా బయటికొస్తుంది. చూసిన ప్రతి ఒక్కరికీ ముందు వచ్చే డౌటు ఒకటే... ఎంతయింది?

ఆ లెక్క మెకానిక్‌ని బట్టీ మన ఆశని బట్టీ మారుతుంది. స్టిక్కరింగ్‌తో ఆపేస్తే రెండు మూడు వేలల్లో తేలిపోతుంది. పెయింటు, హ్యాండిల్, సీటు, లైట్లు, టైర్లు, సైలెన్సర్ అంటూ పోతే మాత్రం 30 వేలు ఎప్పుడు దాటిందో కూడా తెలీదు. కొత్త స్ప్లెండర్ ప్లస్సే ఎక్స్ షోరూమ్‌లో 75 వేల చుట్టుపక్కల దొరుకుతోంది. పైగా 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకూ బైకుల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. ఒక 100 సీసీ బండికీ, ఒక మామూలు 150 సీసీ బండికీ మధ్య తేడా కూడా ఇంచుమించు ఆ 30 వేల దగ్గరే ఉంటుంది. కాబట్టి కోఠి దగ్గర పుత్లీబౌలిలో దిగి షాపులన్నీ చుట్టే ముందు, ఆ డబ్బుకి మనకి చేతికొచ్చేదేంటో చూసుకుందాం.

ముందు స్పీడు సంగతి తేల్చేద్దాం. ఎందుకంటే ఎక్కువ డబ్బు గాలికి పోయేది అక్కడే.

స్ప్లెండర్ ఇంజిన్ 97.2 సీసీ. పవర్ సుమారు 8 పీఎస్. సైలెన్సర్ మార్చి, గుండ్రటి ఓపెన్ ఎయిర్ ఫిల్టర్ పెట్టి పది శాతం పవర్ పెంచామనే అనుకుందాం (అంత పెరగడమే గొప్ప). వచ్చింది 0.8 పీఎస్. బండి వేగంగా పోయేకొద్దీ దాన్ని ఆపేది గాలి. ఆ గాలిని చీల్చుకుపోవడానికి కావాల్సిన పవర్ వేగానికి ఘనంలో పెరుగుతుంది. అంటే స్పీడు రెట్టింపు కావాలంటే పవర్ ఎనిమిది రెట్లు కావాలి. ఈ లెక్కన పది శాతం పవర్ పెరిగితే టాప్ స్పీడు పెరిగేది మూడు శాతమే. 85లో పోయే బండి 88లో పోతుంది. వెనకాల ఫ్రెండ్ ఎక్కితే ఆ పెరిగిన పికప్ కూడా మాయం. మరి సైలెన్సర్ మార్చగానే బండి దూసుకుపోతున్నట్టు ఎందుకనిపిస్తుంది? సౌండు పెరిగింది కాబట్టి. మోసం చేసేది చెవే.

కొత్త బండ్లకి ఇంకో చిక్కు ఉంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్‌-6 బండ్లలో పెట్రోలు ఎంత పోయాలో ఒక చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. అది సైలెన్సర్ దారిలో ఉండే ఆక్సిజన్ సెన్సర్ చెప్పింది వింటుంది. పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ ఉండేదీ ఆ దారిలోనే. సైలెన్సర్ ఊడబీకితే ఆ లెక్కంతా చెడుతుంది, వారంటీ చిక్కుల్లో పడుతుంది, పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర బండి ఆగిపోతుంది. ఓపెన్ ఫిల్టర్ సంగతైతే మన రోడ్ల మీద చెప్పక్కర్లేదు. నాసిరకం ఫిల్టర్ దాటిన సన్నటి దుమ్ము సిలిండర్‌ని అరగదీస్తుంది. తర్వాత బోరింగ్, కొత్త పిస్టన్, రింగులు. ఫిల్టర్‌కి పెట్టినదానికి ఎన్నో రెట్లు అప్పుడు కట్టాలి.

లావు టైరు మోజు కూడా ఇలాంటిదే. ఇప్పటి స్ప్లెండర్‌కి కంపెనీ ఇచ్చేది 80/100-18 సైజు. అదే సన్నటి రిమ్ము మీద 120 టైరు ఎక్కిస్తే అంచులు లోపలికి నొక్కుకుపోయి టైరు ఆకారమే మారిపోతుంది. మలుపులో బండి బరువుగా, బద్ధకంగా తిరుగుతుంది. మైలేజ్ పడిపోతుంది. లీటరుకి 65 ఇచ్చే బండి 55కి దిగిందనుకోండి. నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాళ్లకి దాదాపు 3 లీటర్లు అదనం, అంటే 300 రూపాయలు. డెలివరీ చేస్తూ నెలకి 3 వేల కిలోమీటర్లు తిప్పే కుర్రాడికి అదే 900. బండి మీదే బతుకుతున్నవాళ్లు ఈ ఒక్క లెక్క వేసుకున్నా చాలు.

ఇక చట్టం. 'అందరూ చేయిస్తున్నారుగా' అనేది ఇక్కడ పనిచేయదు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్లకి భిన్నంగా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఓ కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5 వేల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ అని చట్టంలోకి ఎక్కింది. సౌండు విషయానికొస్తే 80 నుంచి 175 సీసీ బండ్లకి తయారీలోనే పెట్టిన పరిమితి 77 డెసిబెల్స్. శబ్ద కాలుష్యం కింద దొరికితే 10 వేల వరకు ఫైన్ వేయొచ్చు, లైసెన్సు కూడా మూడు నెలలు పోవచ్చు. హైదరాబాద్‌లో, విశాఖలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని వరసగా పేర్చి రోడ్డు రోలరుతో తొక్కించిన వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఆ రోలరు కింద నలిగింది ఎవరో ఒకరి నెల జీతంలో ముక్క. పెయింటుకీ పట్టింపు ఉంది. ఆర్‌సీలో రంగు రాసి ఉంటుంది. పూర్తిగా మార్చేస్తే ఆర్‌టీఏలో చెప్పి ఎక్కించుకోవాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా మార్పులు చేయిస్తే క్లెయిమ్ రోజున అదే సాకవుతుంది.

అన్నిటికంటే నాకు కోపం తెప్పించేది శారీ గార్డు తీసేయడం. లుక్ కోసం ముందు పోయేది అదే. ఆ తర్వాత వెనక మడ్‌గార్డు కోసేస్తారు. వెనక కూర్చున్నవాళ్ల బట్టలు చక్రంలో పడకుండా, చక్రంలో కనీసం సగం కప్పే రక్షణ ఉండాలని కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 123వది చెప్తోంది. పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టులు కూడా ఉండాలి. రూలు పక్కన పెట్టండి. ఆ బండి మీద అమ్మ చీరతో కూర్చుంటుంది. చెల్లి చున్నీతో కూర్చుంటుంది. చున్నీ కొస చైనులోనో చువ్వల్లోనో చిక్కితే మెడకి ఉరి బిగిసినట్టే. బ్రేకు నొక్కే లోపే అంతా అయిపోతుంది. వెయ్యి రూపాయలు కూడా చేయని ఆ ఇనుప జాలీని చూసి 'అంకుల్ బండిలా ఉంది' అనుకునేవాళ్లు, వెనక ఎక్కేవాళ్లని ఒకసారి అడిగి తీయాలి.

అంటే ఏమీ చేయించొద్దా? అదేం కాదు. చిన్న బండికి పెట్టే డబ్బు స్పీడుని కొనలేదు కానీ సుఖాన్నీ పట్టునీ కొంటుంది. అరిగిన టైర్ల చోట అదే సైజులో మంచి గ్రిప్ ఉన్నవి వేస్తే వర్షంలో మొదటి రోజే తేడా తెలుస్తుంది. కొత్త బ్రేక్ షూలు, అరిగిన చైన్ సెట్టు మార్పు, నీరసపడిన వెనక షాకబ్జర్లు... వీటి గురించి ఎవరూ రీల్ తీయరు. కానీ బండి మళ్లీ కొత్తదిలా నడిచేది వీటితోనే. సీటు కుట్టే షాపులో ఇచ్చి ఫోమ్ మార్పిస్తే రోజూ 40 కిలోమీటర్లు తిరిగే నడుముకి అదే పెద్ద కస్టమైజేషన్. లైటు మార్చాలంటే ఒకటి చూసుకోండి. అసలు వైర్లు కోసి టేపు చుట్టే షాపు నుంచి వెనక్కొచ్చేయండి. చిన్న బండి బ్యాటరీ తెల్లటి ఫాగ్ లైట్లని ఎక్కువసేపు మోయలేదు. ఎదుటివాడి కళ్లలోకి కొట్టే లైటు మనకీ ప్రమాదమే.

ఇక ఆర్‌ఎక్స్‌ 100 లెక్క వేరు. 1985లో వచ్చి 1996లో ఆగిపోయిన 98 సీసీ టూ స్ట్రోక్ బండి. తెలుగునాట కుర్రాళ్లకి దాని మీద ఉన్న పిచ్చిని 2018లో అదే పేరుతో వచ్చిన సినిమా ఇంకాస్త ఎక్కించింది. మంచి కండిషన్‌లో ఉన్నది ఇవాళ లక్ష దాటి కూడా పలుకుతోంది. అయితే ఆ రేటు దేనికి పలుకుతోందో గమనించండి. ఒరిజినల్ ట్యాంకు, ఒరిజినల్ సైలెన్సర్, ఒరిజినల్ రంగు ఉన్నవాటికే. ఇష్టమొచ్చినట్టు కోసి అతికించిన దానికి కాదు. కొనేముందు ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోతున్నాయా, 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకోసారి చేయించాల్సిన రెన్యువల్ అయిందా చూడకపోతే లక్షపోసి కేసు కొనుక్కున్నట్టే.

మామూలు బండ్లకీ అమ్మేటప్పుడు ఇదే జరుగుతుంది. మీ టేస్టుకి కొనేవాడు డబ్బివ్వడు. ఫ్రేమ్ కోయించినా, వెల్డింగ్ పెట్టించినా రేటు ఇంకా తగ్గిస్తాడు. అందుకే ఏం మార్చినా బోల్టు విప్పి తీయగలిగేవే మార్పించండి. తీసినవన్నీ షాపులో వదిలేయకుండా గోనెసంచిలో కట్టి అటకెక్కించండి.

చేతిలో ఐదు వేలే ఉన్నాయా? ముందు వెనక టైరు వైపు వంగి చూడండి, గీతలు కనబడకపోతే అదే మొదటి ఖర్చు. తర్వాత బ్రేకులు. ఇంకా మిగిలితే సీటు. పెయింటు సంగతి దసరాకి బండి పూజ చేసేటప్పుడు చూసుకోవచ్చు.